చంటివాడి కునుకు, అక్క గది తలుపు

ప్రశ్న: అమ్మా, నమస్కారం. మాకు ముగ్గురు పిల్లలు. పెద్దమ్మాయికి పదిహేనేళ్ళు, నడిపివాడికి పదకొండు, చంటివాడికి ఇరవై నెలలు. పెద్దదానికి పరీక్షలు దగ్గరపడ్డాయి. నడిపివాడికి వారంలో నాలుగు సాయంత్రాలు ఈత శిక్షణ. వాణ్ణి దింపడానికీ, తీసుకురావడానికీ చంటివాణ్ణి కారులో కూర్చోబెట్టుకుని తిరుగుతుంటాను. మధ్యాహ్నం రెండున్నరకి పడుకున్నవాణ్ణి మూడున్నరకల్లా లేపి బయల్దేరాలి. ఆరింటికి తిరిగొచ్చేటప్పుడు దారిలో పావుగంట కునుకు తీస్తాడు. ఇక రాత్రి పదకొండు దాటితేగానీ పడుకోడు. పొద్దున ఆరున్నరకి పెద్దవాళ్ళు బడికి తయారయ్యే సందడికి లేచిపోతాడు.

ఇంట్లో ఉన్నంతసేపూ అక్క గది తలుపు దగ్గర చేరి 'అక్కా, అక్కా' అంటూ రెండు చేతులతో బాదుతాడు. పోయినవారం దాని నోట్సులో నాలుగు పేజీలు చింపేశాడు. 'చిన్నపిల్లాడు కదే, వాడికేం తెలుసు' అన్నాను. అది ఏడవలేదు, అరవలేదు. 'నీకు వాడొక్కడే పిల్లాడు' అని తలుపేసుకుంది. ఆ మాట నన్ను పట్టి పీడిస్తోంది. మావారు రాత్రి ఏడున్నరకిగానీ ఇంటికి రారు. నేనెక్కడ తప్పు చేస్తున్నానో చెప్పండి.

ముగ్గురు పిల్లల తల్లి

జవాబు: తల్లీ, నీ ఉత్తరం చదివాక ఒక కాగితం మీద మీ ఇంటి రోజుని గడులుగా గీసుకున్నాను. పెద్దమ్మాయి చదువుకి ఒక గడి, నడిపివాడి ఈతకి ఒకటి, మీవారి ఆఫీసుకి ఒకటి వచ్చాయి. చంటివాడికి గడి దొరకలేదు. మిగిలినవాళ్ళ పనుల మధ్య ఎక్కడ సందు దొరికితే అక్కడ వాడు తింటున్నాడు, నిద్రపోతున్నాడు. తలుపు బాదడమూ, పేజీలు చింపడమూ తర్వాత చూద్దాం. ముందు వాడి నిద్ర సంగతి తేలాలి.

వాడు రాత్రి పదకొండు నుంచి ఆరున్నర దాకా పడుకుంటే ఏడున్నర గంటలు. పగలు ఒక గంట. కారులో కునుకు కలుపుకున్నా తొమ్మిది గంటలు నిండవు. ఏడాది నిండినవాళ్ళకీ, రెండేళ్ళవాళ్ళకీ పగటి నిద్రతో కలిపి రోజుకి 11 నుంచి 14 గంటల నిద్ర ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. మీవాడికి రోజూ రెండు గంటలకు పైనే తక్కువ పడుతోంది. నిద్ర చాలని పసివాడు పెద్దవాళ్ళలా మగతగా ఓ మూల కూర్చోడు. ఎగురుతాడు, విసురుతాడు, చింపుతాడు. ఇరవై ఆరేళ్ళు పసిపిల్లల బడిలో పనిచేశాను. 'మావాడు మహా అల్లరి' అని తీసుకొచ్చిన పిల్లల్లో ఎంతమందికో పగటి నిద్ర కుదిరాక తల్లులు మళ్ళీ ఆ మాట అనలేదు.

కారులో ఆ పావుగంట కునుకు చిన్నదిగా కనిపిస్తుంది కానీ రాత్రిని పాడుచేసేది అదే. మెలకువగా ఉన్నకొద్దీ ఒంట్లో నిద్ర అవసరం పేరుకుంటుంది. సాయంత్రం ఆరింటికి రెప్ప వాలిస్తే ఆ పేరుకున్నది కాస్తా కరిగిపోతుంది. అందుకని పగటి నిద్రని ముందుకి జరుపు. ఈ వయసులో చాలామందికి పగలు ఒక్క నిద్ర సరిపోతుంది, అది పన్నెండున్నరకి మొదలైతే రెండున్నరదాకా పడుకున్నా నువ్వు బయల్దేరడానికి ఇంకా గంట ఉంటుంది. ఒక్కరోజులో రెండు గంటలు జరపబోకు. రెండు మూడు రోజులకోసారి పావుగంట చొప్పున జరుపుతూ, భోజనాన్నీ దానితోపాటే జరుపుతూ రా. మూడు వారాలైనా పడుతుంది, పట్టనీ. తిరుగుదారిలో నడిపివాణ్ణి వెనక సీట్లో తమ్ముడి పక్కన కూర్చోబెట్టు. కిటికీలోంచి కనబడేవన్నీ వాడికి చూపిస్తూ, పేర్లు చెబుతూ, వాణ్ణి మేలుకొని ఉంచే పని అన్నయ్యది. పదకొండేళ్ళవాడికి ఆ పని నచ్చుతుంది, ఇంటికి చేరాక అయిపోతుంది కూడా. ఈతకొచ్చే పిల్లల తల్లిదండ్రుల్లో మీ ఇంటివైపు వెళ్ళేవాళ్ళు ఎవరో ఒకరు ఉండే ఉంటారు. వారంలో రెండ్రోజులు వాళ్ళు తీసుకొస్తే, రెండ్రోజులు వాళ్ళ పిల్లల్ని నువ్వు తీసుకురా. అడగడానికి మొహమాటపడకు. వాళ్ళూ నీలాగే ఎవరైనా అడిగితే బాగుండునని చూస్తుంటారు.

ఎనిమిదింటికి చంటివాణ్ణి పడుకోబెట్టే పని మీవారిది. ఏడున్నరకి వస్తున్నారు కదా, కాళ్ళు కడుక్కుని వాణ్ణి అందుకోమను. మొదటి నాలుగైదు రోజులు వాడు నీకోసం ఏడుస్తాడు. నువ్వు గదిలోకి తొంగిచూడకు, తండ్రి చేతిలోనే ఉన్నాడు. ఆ అరగంట నాకు ఎందుకు కావాలో కాసేపట్లో చెబుతాను.

ఇక ఆ తలుపు. వాడి పక్కనుంచి చూడు. అక్క పొద్దున్నే వెళ్ళిపోతుంది, సాయంత్రం వస్తుంది, వచ్చినట్టే వచ్చి గదిలో మాయమవుతుంది. మళ్ళీ ఎప్పుడు బయటికొస్తుందో వాడికి తెలియదు. ఈ వయసు పిల్లలకి గడియారం తెలియదు కానీ వరస తెలుస్తుంది. దేని తర్వాత ఏది వస్తుందో తెలిస్తే స్థిమితపడతారు. అందుకని అమ్మాయిని ఒక్కటే అడుగు: ఇంటికి రాగానే పది నిమిషాలు, ఫోను పక్కనపెట్టి, నేల మీద తమ్ముడి దగ్గర కూర్చోమను. ఏ ఆటా నేర్పక్కర్లేదు. వాడు డబ్బా మూత ఇస్తే పుచ్చుకోవడం, మళ్ళీ ఇవ్వడం, అంతే. పది నిమిషాలయ్యాక వాడి కళ్ళెదుటే లేచి, చెయ్యూపి, తలుపు గొళ్ళేనికి ఒక రంగు గుడ్డ కట్టి లోపలికి వెళ్ళాలి. గుడ్డ ఉంటే అక్క చదువుకుంటోందని, గుడ్డ తీస్తే వస్తుందని అర్థం. వాడు చూడనప్పుడు జారుకోవడం మాత్రం వద్దు. ఒకసారి అలా మోసపోయిన పిల్లవాడు ఆ తర్వాత తలుపుని కాపలా కాస్తాడు. ఇప్పుడు మీవాడు చేస్తున్నది అదేనని నా అనుమానం.

గుడ్డ కట్టినంతసేపూ వాడికి వేరే చోటు ఉండాలి. నడిపివాడు హోంవర్కు చేసుకునే చోట కింద ఒక చాప వేసి, లావుపాటి రంగు క్రేయాన్లు, పాత కాగితాలు ఇచ్చి చూడు. అన్నయ్య వాడితో ఆడక్కర్లేదు. మిల్డ్రెడ్ పార్టెన్ అనే ఆమె పసిపిల్లల ఆటల్ని గమనించి 1932లో రాసిన వ్యాసంలో, ఒకరి పక్కన ఒకరు కూర్చుని ఎవరి ఆట వాళ్ళు ఆడుకోవడాన్ని ఒక ప్రత్యేకమైన ఆటగా గుర్తించింది. మా బడిలో రోజూ చూసేవాళ్ళం. రెండేళ్ళ పిల్లలు పక్కనున్న పిల్ల వైపు తలెత్తి చూడకుండానే, ఆ పిల్ల లేచిపోతే మాత్రం ఏడుపందుకునేవారు. మీవాడికి కావలసింది అన్నయ్య పక్కన చోటు. అన్నయ్య రాస్తుంటే వాడూ గీస్తాడు.

ఇప్పుడు ఆ నాలుగు పేజీల సంగతి. 'వాడికేం తెలుసు' అన్నావు. నిజమే, వాడికి తెలియదు. కానీ పేజీలు పోయింది అమ్మాయివి. ఆ క్షణంలో దాని నష్టాన్ని నువ్వు చూడలేదు, వాడి అమాయకత్వాన్నే చూశావు. 'నీకు వాడొక్కడే పిల్లాడు' అన్న మాట అక్కణ్ణుంచే వచ్చింది. నీ ప్రేమ మీద అది తీర్పు చెబుతోందని అనుకోకు. తన తరఫున ఎవరూ లేరని చెబుతోంది. ఇవాళే వెళ్ళి, 'నీ పేజీలు పోయాయి, వాడు అటు వెళ్ళకుండా నేను చూసుకోవాల్సింది' అని చెప్పు. ఆ వెనకే 'కానీ' అనకు. స్నేహితురాలి నోట్సు తెప్పిస్తే పక్కన కూర్చుని ఒక పేజీ నువ్వు చదువు, అది రాసుకుంటుంది. వాడికి అందని ఎత్తులో దానికంటూ ఒక అర, లోపలినుంచి వేసుకునే గొళ్ళెం ఏర్పాటు చెయ్యి.

నీకీ మాటలు చెప్పే అర్హత నాకు ఎక్కణ్ణుంచి వచ్చిందంటే, నేనూ ఆ పొరపాటు చేశాను. మా పెద్దమ్మాయి పదమూడో ఏట మా చిన్నది పుట్టింది. నేను బడినుంచి రాగానే పసిదాన్ని దాని చంకకిచ్చి మిగతా పనుల్లో పడేదాన్ని. చూసినవాళ్ళు 'ఇంకో అమ్మ' అని మెచ్చుకునేవారు. నేనూ మురిసిపోయేదాన్ని. చాలా ఏళ్ళ తర్వాత ఒక రాత్రి ఇద్దరం పాత ఫొటోలు తిరగేస్తుంటే, 'అమ్మా, ఆ నాలుగేళ్ళలో నేనొక్కదాన్నే ఉన్న ఫొటో ఒక్కటీ లేదు, అన్నిట్లోనూ నా చంకలో చెల్లి ఉంది' అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా ఎక్కువ తగిలింది. చెల్లెలంటే దానికి ప్రాణం, ఇప్పటికీ. అయినా ఆ ఫొటోలు అలాగే ఉన్నాయి.

మీవారు చంటివాణ్ణి పడుకోబెట్టే ఆ అరగంట అందుకోసం. అమ్మాయి గదిలోకి వెళ్ళి ఊరికే కూర్చో. చదువు గురించి అడగకు, తమ్ముడి ముచ్చట్లు తేకు. మొదటి రోజుల్లో అది మాట్లాడకపోవచ్చు. బట్టలు మడతపెట్టుకుంటూ కూర్చున్నా ఫర్వాలేదు.

ఇంకొక్క విషయం, చాలా ముఖ్యమైనది. పెద్ద పిల్లలున్న ఇంట్లో పసివాడికి ప్రమాదం ఎక్కువగా వాళ్ళ వస్తువుల్లోనే ఉంటుంది. చిన్న క్యాలిక్యులేటర్లు, రిమోట్లు, వెలిగే కీచైన్లలో గుండీలాంటి బ్యాటరీ ఉంటుంది. అది మింగితే గొంతు కింద ఇరుక్కుని రెండు గంటల్లోనే ఆహారనాళాన్ని తీవ్రంగా కాల్చేయగలదు. మింగాడన్న అనుమానం వచ్చినా వాంతి చేయించే ప్రయత్నం చెయ్యకుండా నేరుగా ఆసుపత్రికి పరుగెత్తాలి. బొమ్మల్లో వచ్చే చిన్న అయస్కాంతాలు రెండు మింగితే పేగుల గోడల మీదుగా ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, అదీ అంతే ప్రమాదం. మూడేళ్ళలోపు పిల్లల బొమ్మల్ని పరీక్షించే కొలగొట్టం వ్యాసం 3.17 సెంటీమీటర్లు. అందులో పూర్తిగా పట్టే చిన్న వస్తువేదైనా గొంతుకి అడ్డుపడగలదని లెక్క. రబ్బరు, పెన్ను మూత, పెన్సిలు చెక్కే చిన్న షార్పనరు, అన్నీ అందులో పట్టేవే. ఆదివారం ముగ్గురినీ కూర్చోబెట్టుకుని నేల మీద, కింది అరల్లో ఏమున్నాయో ఏరండి. పెద్దవాళ్ళిద్దరికీ కారణం చెప్పి ఏరించు, వాళ్ళే జాగ్రత్తపడతారు.

ప్రశ్న: మా చెల్లికి రెండేళ్ళు. నాకు పదిహేడు. చెల్లంటే నాకు చాలా ఇష్టం. కానీ కాలేజీనుంచి రాగానే 'కాసేపు చూడు' అని అమ్మ ఇస్తుంది. ఆ కాసేపు ఎప్పుడు అయిపోతుందో ఎవరికీ తెలియదు. ఒకసారి రెండు గంటలైంది. అమ్మ అలసిపోయి ఉంటుంది, కాదనలేను. మర్నాటి పరీక్షకి చదవలేక రాత్రి ఒంటిగంటదాకా మేలుకుంటున్నాను. చెబితే అమ్మ బాధపడుతుందేమో. ఏం చెయ్యాలి?

జవాబు: నాయనా, చెప్పు. అమ్మ బాధపడుతుందని దాచుకుంటే ఆ విసుగు ఏదో ఒకరోజు చెల్లి మీదకి పోతుంది, అప్పుడు నీకే ఎక్కువ బాధ. కానీ చెప్పే వేళ చూసుకో. చెల్లిని నీ చేతికి ఇస్తున్నప్పుడు చెబితే అది కాదన్నట్టు వినిపిస్తుంది. సెలవురోజు చెల్లి నిద్రపోయాక వెళ్ళి, 'అమ్మా, రోజూ ఐదున్నర నుంచి ఆరుంపావుదాకా చెల్లిని నేను చూస్తాను, నువ్వు వెళ్ళి పడుకో. ఆరుంపావు నుంచి నన్ను చదువుకోనివ్వు' అని చెప్పు. ఎంతసేపో తెలియని సాయం ఇద్దరికీ భారం. హద్దున్న ముప్పావుగంట అమ్మకీ నిజమైన విశ్రాంతి, ఎందుకంటే అది రోజూ దొరుకుతుందని ఆమెకి తెలుస్తుంది. పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ళ వాళ్ళకి రాత్రి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఒంటిగంటకి పడుకుంటున్నావన్న సంగతి అమ్మకి తెలియకపోయి ఉండొచ్చు. అది కూడా చెప్పు. నాన్నగారు ఇంట్లో ఉంటే ఆయన ఎదుటే చెప్పు. ఈ లెక్క అమ్మకీ నీకూ మధ్య మాత్రమే తేలాల్సింది కాదు.

చెల్లిని నీ గదిలోకి తెచ్చి ఫోను ఇచ్చి నువ్వు చదువుకోవడం మాత్రం చెయ్యకు. ఆ ముప్పావుగంటలో నీ పుస్తకం ముయ్యి. చెల్లితోపాటు మెట్లు ఎక్కి దిగినా చాలు, ఆ వయసుకి అది పెద్ద ఆట.

ప్రశ్న: పెద్దపిల్లలిద్దరూ సాయంత్రం ల్యాప్‌టాప్‌లో క్లాసులు వింటుంటే, ఏడాదిన్నర పాప వాళ్ళ ఒళ్ళో కూర్చుని గంటలకొద్దీ అదే చూస్తోంది. పాఠాలే కదా, ఫర్వాలేదా?

ఒక తండ్రి

జవాబు: బాబూ, ఏడాది పిల్లలకి కూర్చోబెట్టి తెర చూపించడం అసలే వద్దని, రెండేళ్ళు నిండాక గంటకి మించకూడదని, ఎంత తగ్గితే అంత మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు. తెర మీద పాఠమున్నా పాటున్నా పాపకి ఒకటే, కదిలే వెలుగు. అయితే పాప ఆ ఒళ్ళో చేరుతున్నది తెర కోసమో, అన్నయ్య ఒడి కోసమో చూడండి. క్లాసు లేనప్పుడు అదే ఒళ్ళో బొమ్మల పుస్తకంతో కూర్చోబెట్టి చూస్తే తెలిసిపోతుంది. క్లాసు జరుగుతున్నంతసేపూ మీరు పాపని ఎత్తుకుని బయటికి నడవండి. మధ్యలో విరామం వచ్చినప్పుడు తీసుకొచ్చి ఆ ఒళ్ళో దింపండి.