తెలుగు సెర్చ్ ఇంజిన్‌కి డబ్బెలా?

చిరంజీవి శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

తెలుగు సెర్చ్ ఇంజిన్ కోసం నువ్వు పంపిన ప్లాన్ మొత్తం చదివాను. సర్వర్లకి ఎంత, డిస్కులకి ఎంత అని పైసలతో సహా లెక్క వేశావు. జీతాల దగ్గరికొచ్చేసరికి ‘వాలంటీర్లు చూసుకుంటారు’ అని ఒక్క ముక్కతో వదిలేశావు. నా భయమంతా అక్కడే ఉందమ్మా. సైట్లన్నీ తిరిగి పేజీలు పోగేసే మన క్రాలర్ ప్రోగ్రామ్ తాకిడికి అర్ధరాత్రి ఎవరి సైటో పడిపోతే వెంటనే ఆపేవాళ్లుండాలి. స్పామ్ సైట్లని రోజూ ఏరేవాళ్లుండాలి. ఆ పని పండగలకీ పరీక్షలకీ ఆగదు. ఒక మనిషికి కనీసం రెండేళ్ల జీతం చేతిలో ఉంటేనే మొదలుపెట్టు.

మిషన్ల గురించి అంత టెన్షన్ వద్దు. స్వీడన్‌లో మార్జినాలియా సెర్చ్‌ని ఒక్క మనిషే, ఇంట్లో పెట్టుకున్న పీసీ మీద మొదలుపెట్టాడు. వెబ్ అంతా తవ్వకుండా చిన్న చిన్న సైట్ల మీదే దృష్టి పెట్టాడు. నువ్వూ తెలుగు వరకే గిరి గీసుకో. కామన్ క్రాల్ సంస్థ వందల కోట్ల పేజీలు ఉచితంగా ఇస్తోంది. ఏ పేజీ ఏ భాషలో ఉందో 2018 నుంచి గుర్తు కూడా పెడుతోంది. అందులో తెలుగువి మాత్రం దించుకుంటే తొలి ఇండెక్స్‌కి, అంటే ఏ మాట ఏ పేజీలో ఉందో చెప్పే పట్టికకి, సరుకు దొరికినట్టే.

అసలు కష్టం ఆ తర్వాత. ‘గుంటూరులో’, ‘గుంటూరుకి’, ‘గుంటూర్నించి’ అని ఎలా కొట్టినా ఊరు ఒకటేనని ఇంజిన్ పట్టుకోవాలి. ఇంగ్లిష్ అక్షరాల్లో తెలుగు టైప్ చేసేవాళ్లకీ ఫలితం రావాలి. యూనికోడ్ (ఇప్పుడు అందరూ వాడే అక్షరాల కోడ్) కాని పాత ఫాంట్లలో ఉన్న పేజీలని మార్చుకోవాలి. డబ్బు ఖర్చు పెట్టాల్సింది ఇక్కడే.

ఇంకొకళ్ల ఫలితాలు తెచ్చి చూపిద్దామన్న ఆలోచన మానుకో. జర్మనీలో అలా వేరే ఇంజిన్ల ఫలితాలు తెచ్చి చూపే మెటాగెర్‌ని నడిపేది లాభాపేక్ష లేని సంఘం. 1996 నుంచీ ఉన్న ఇంజిన్ అది. 2024లో యాహూ ఒప్పందం రద్దు చేసుకునేసరికి ఉద్యోగుల్ని తీసేసి, డబ్బు కట్టినవాళ్లకే సెర్చ్ ఇచ్చే పద్ధతికి మారాల్సొచ్చింది. బయటివాళ్లు తమ ప్రోగ్రాముల్లోకి ఫలితాలు తెచ్చుకునే దారి, బింగ్ సెర్చ్ ఏపీఐని కూడా 2025 ఆగస్టులో మూసేశారు. డబ్బు విషయంలోనూ అలా ఒకరి మీదే ఆధారపడకు, ఏ ఒక్కరి నుంచీ నీ ఖర్చులో మూడో వంతుకి మించి తీసుకోకు.

గ్రాంట్ల సంగతి. నెదర్లాండ్స్‌లోని ఎన్ఎల్‌నెట్ అనే సంస్థ ఒక్కో ప్రాజెక్టుకి 5 వేల నుంచి 50 వేల యూరోల దాకా ఇస్తూ వచ్చింది. మార్జినాలియాకి సాయం చేసిందీ వాళ్లే. మన బెంగళూరు షేర్ల కంపెనీ జెరోధా 2024లో ఉచిత, ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ కోసం ఫ్లాస్ ఫండ్ పెట్టింది. ఏటా 10 లక్షల డాలర్లు, ఒక్కో ప్రాజెక్టుకి 10 వేల నుంచి లక్ష డాలర్లు. కాకపోతే అది ఇప్పటికే జనం వాడుతున్న సాఫ్ట్‌వేర్‌కి. అందుకని తెలుగు మాటలని విడగొట్టే భాగాన్ని ముందుగా వేరే ప్రోగ్రాములు కూడా వాడుకునేలా విడి లైబ్రరీగా బయటికి వదులు. నలుగురూ దాన్ని వాడుతుంటే అప్పుడు ధైర్యంగా అడగొచ్చు.

అమెరికాలో మనవాళ్లు చందాలిస్తారని రాశావు. ఇస్తారు. కానీ ఇండియా పాస్‌పోర్ట్ ఉన్నవాళ్లు సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా ఇచ్చేది వేరు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు ఇచ్చేది విదేశీ చందా కిందికొస్తుంది. దానికి నీ ట్రస్టుకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ చందాల చట్టం) కింద రిజిస్ట్రేషన్ కావాలి. ట్రస్టుకి మూడేళ్లు నిండి, ఆ మూడేళ్లలో పనుల మీద 15 లక్షలు ఖర్చు పెట్టి ఉంటేనే అది అడగొచ్చు. లేకపోతే ముందస్తు అనుమతి తెచ్చుకోవాలి. మంచి ఆడిటర్‌ని కలిసేదాకా ఎవరి దగ్గరా రూపాయి పుచ్చుకోకమ్మా.

ఇట్లు,
పెదనాన్న