ఎగుమతుల గీత చూసి మురిసిపోకు

చిరంజీవి అమ్మాయికి,

మామయ్య ఆశీస్సులు. ఒకే వస్తువును ముక్కలుగా పలు దేశాల్లో తయారుచేసే ప్రపంచ ఉత్పత్తి గొలుసుల్లో వర్ధమాన దేశాల స్థానం మీద మొదటి నివేదిక రాయమన్నారని, ఎక్కడ మొదలుపెట్టాలో తోచట్లేదని రాశావు. టెన్షన్ పడకు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనూ ఎగుమతుల గీత పైపైకి పోతోంది కదా అని దేశం బాగుపడిపోయినట్టే రాసిచ్చాను. మా పై అధికారి ఒక్కటే అడిగారు: "ఆ సరుకులో బయట కొన్నదెంత?" నోరు పెగల్లేదు.

నువ్వు ఆ ప్రశ్నతోనే మొదలుపెట్టు. 2009లో చైనాలో తయారైన ఐఫోన్ లెక్క ఎవరో విప్పి చూశారు. ఫోనుకైన ఖర్చు దాదాపు 179 డాలర్లు. తెర జపాన్‌ది, ప్రాసెసర్ కొరియాది. ముక్కలన్నీ కూర్చినందుకు చైనాలో మిగిలింది ఆరున్నర డాలర్లు. కస్టమ్స్ లెక్కలో మాత్రం 179కి 179 చైనా ఎగుమతే!

ఈ తేడా తెలియాలంటే 2013 నుంచి ఓఈసీడీ (ఎక్కువగా ధనిక దేశాలున్న ఆర్థిక కూటమి), డబ్ల్యూటీఓ (ప్రపంచ వాణిజ్య సంస్థ) కలిసి ఇస్తున్న విలువ జోడింపు పట్టికలు చూడు. ఎగుమతి సరుకు విలువలో ఏ దేశం వాటా ఎంతో అవి చెబుతాయి. అవి అంచనాలే, పైగా కొన్నేళ్లు వెనకబడి ఉంటాయి. వాటిలోనూ ఒక తిరకాసుంది. ఖనిజం తవ్వి అలాగే ఓడకెక్కించే దేశానికి సొంత వాటా చాలా ఎక్కువ కనిపిస్తుంది. అంతమాత్రాన అది పైమెట్టు మీద ఉన్నట్టు కాదు. నేను దీంట్లోనూ ఒకసారి పడ్డాను.

పట్టికలకు అందనిది పనితనం. 1979లో బంగ్లాదేశ్‌లోని దేశ్ గార్మెంట్స్ సుమారు 130 మందిని దక్షిణ కొరియాలోని దేవూ సంస్థకు ఆర్నెల్ల శిక్షణకు పంపింది. కుట్టుపని ఒక్కటే కాదు, ఆర్డరు పట్టడం, సరుకు టైముకి పంపడం కూడా అక్కడే నేర్చుకున్నారు. తిరిగొచ్చాక కొన్నేళ్లలోనే చాలామంది బయటికెళ్లి సొంత ఫ్యాక్టరీలు పెట్టుకున్నారు, వేరే చోట్ల చేరారు. యజమానికి కడుపు మండే ఉంటుంది గానీ దేశానికి పరిశ్రమ దక్కింది. ఒక్కో దేశం నుంచి ఇన్ని బట్టలే దిగుమతి చేసుకుంటామని ధనిక దేశాలు అప్పట్లో పెట్టుకున్న కోటాల పద్ధతీ కలిసొచ్చిందనుకో. ఇప్పుడు ఆ దేశం ఎగుమతుల్లో ఎనభై శాతం పైగా బట్టలే. అది బలమో బలహీనతో నువ్వే తేల్చి రాయాలి.

కోస్టారికా కథ వేరు. 1998లో అక్కడ చిప్పుల్ని కూర్చి పరీక్షించే పని మొదలుపెట్టిన ఇంటెల్, 2014లో ఆ పనిని ఆసియాకు మార్చేస్తున్నామంది. ఇంజినీరింగ్ పని మాత్రం అక్కడే ఉంచింది. నువ్వు రాసే ప్రతి దేశానికీ ఇదే చూడు: ఏ పనిని తేలిగ్గా ఎత్తుకుపోవచ్చు, ఏది కుదరదు?

ముసాయిదా నాకు పంపు. మొదటి పేజీలో ఎగుమతుల గీత కనబడిందా, చదవకుండా తిప్పి పంపేస్తా.

మీ మామయ్య