పచ్చపూల గలగర: పచ్చ అంటే ఏ రంగు?

ప్రశ్న: మాది ఒడిశాలో రాయగడ జిల్లా గుణుపురం. చెరువు గట్టు తడిలో పాకే ఒక మొక్కను మా ఇంట్లో ‘పచ్చపూల గలగర’ అంటాం. ఒడియా బడిలో చదివే మనవడు ‘పచ్చంటే సబుజ (ఆకుపచ్చ) కదా అమ్మమ్మా, ఈ పువ్వు హళదియా (పసుపు రంగు). పసుపుపూలు అనాలి’ అని దిద్దాడు. మా మాట తప్పా?

సమాధానం: తప్పేం కాదమ్మా. కుర్రాడు ఒడియా లెక్కన చూశాడు, అంతే. అక్కడ రెండు రంగులకీ రెండు మాటలు. మన పచ్చ రెండింటికీ చెల్లుతుంది. కామెర్లవాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందన్నప్పుడు అది పసుపు రంగే. పచ్చగడ్డి వేసినా భగ్గుమంటుందన్నప్పుడు ఆకు రంగు, నిజానికి రంగుకంటే పచ్చిదనం. గుడ్డులో పచ్చసొన ఏ రంగో, ఉంగరంలో పచ్చరాయి ఏ రంగో మీ మనవణ్ణే అడగండి.

పచ్చి, పసరు, పసుపు, పసిడి, పసిపాప, అన్నీ ఒక్క వేరు నుంచి వచ్చినవే. లేతదనమే అసలు అర్థమనీ, రంగు తర్వాత చేరిందనీ నా అభిప్రాయం. అరవంలో పచ్చై అంటే ఆకు రంగే. మనం మాత్రం పసుపునీ వదులుకోలేదు. సంస్కృతంలోనూ ఇదే తంతు: హరితం ఆకుపచ్చ, దాని చుట్టమే హరిద్ర, అంటే పసుపు.

ఇక ‘పసుపుపూలు’ అంటే ఇంకో చిక్కుంది. పసుపు మొదట కొమ్ము పేరు, తర్వాతే రంగు పేరు. మీ పక్కనున్న కందమాల్ జిల్లా పసుపుకి 2019లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అలాంటి చోట పసుపుపూలంటే పసుపు మొక్కకి పూసినవనుకుంటారు. రంగు కచ్చితంగా చెప్పాల్సి వస్తే పసుపుపచ్చ అనండి, ఆకుపచ్చకి జోడుగా ఉంటుంది. ఉత్త ‘పచ్చ గలగర’ అని మాత్రం కుదించకండి. పచ్చనిది ఆకో పువ్వో, ఎండబెట్టని మొక్కో తేలదు. ‘పూల’ ఉండాల్సిందే.

ఆ బహువచనం కూడా భలే కుదిరింది. ఇది పొద్దుతిరుగుడు కుటుంబం. మనకు ఒక పువ్వులా కనిపించేది చిన్న చిన్న పూల గుంపు. అంచున రేకులనుకునేవి ఒక్కొక్కటీ ఒక్కో పువ్వు, మధ్య బొడిపె నిండా మరికొన్ని.

మామూలుగా గుంటగలగర అంటే తెల్లపూలది. దాన్ని అరచేతిలో నలిపితే రసం కాసేపటికి నల్లబడుతుంది. జుట్టు నూనెలో వేసేదీ అదే. రెండూ తడి నేలల్లోనే పెరుగుతాయి కాబట్టి ఏది కోసుకు రావాలో చెప్పడానికి పూల రంగు కలపక తప్పదు. అచ్చులో గుంటగలిజేరు అని కూడా కనిపిస్తుంది. ఉత్త గలిజేరు వేరే కూర, దానితో కలపకండి.

ఇంకొకటి. పార్కుల్లో, రోడ్డు మధ్య డివైడర్లలో నేలంతా కమ్మేసే మూడు మొనల ఆకు తీగకీ పచ్చపూలే. అది అమెరికా ఖండం నుంచి వచ్చింది. పూలు చూసి దాన్ని గలగర అనకండి, కూరకీ నూనెకీ కోసుకు వచ్చేస్తారు.