ఈ ఏడాది పట్టీలు మాత్రమే బ్యాకప్ తీయాలంటే

మొత్తం డేటాబేస్ డంప్ (డేటానంతా ఫైల్లోకి తీసిన నకలు) తీస్తే ఫైలు పెద్దదై నెట్‌లో ఎక్కడం లేదు, ఈ ఆర్థిక సంవత్సరం పట్టీలు, అంటే రైతు సరుకు అమ్మకం లెక్క రాసే చీటీలు, మాత్రమే తీయొచ్చా అని అడిగారు. తీయొచ్చు. కర్నూలు మార్కెట్ యార్డులో ఒక ఉల్లి కమీషన్ కొట్టుకు నేను చూసే సాఫ్ట్‌వేర్‌లో అలాగే తీస్తున్నాం. మాది మైఎస్‌క్యూఎల్ డేటాబేస్, టేబుళ్లన్నీ ఇన్నోడీబీ (అందులోని ఒక స్టోరేజ్ ఇంజిన్) రకం. కింద చెప్పే ఆప్షన్లు దాని మైఎస్‌క్యూఎల్ డంప్ కమాండ్‌వి.

ముందు ఏ టేబుల్ బరువుగా ఉందో చూడండి. మా దగ్గర జాగా తింటున్నది పట్టీలు కాదు, ఎవరు ఎప్పుడు ఏం నొక్కారో రాసుకునే లాగ్. దాన్ని ఇగ్నోర్ టేబుల్ ఆప్షన్‌తో వదిలేస్తే చాలామందికి పని అక్కడితోనే అయిపోతుంది. ఆ టేబుల్ నిర్మాణాన్ని మాత్రం నో డేటా ఆప్షన్‌తో విడిగా తీసిపెట్టుకోండి.

అప్పటికీ తగ్గకపోతే వేర్ ఆప్షన్ (షరతుకు సరిపడే వరుసలనే ఎంచుకునేది) వాడాలి. రైతులు, వ్యాపారులు, సరుకుల టేబుళ్లు చిన్నవే, వాటి జోలికి పోవద్దు, పూర్తిగా తీయండి. కత్తిరించాల్సింది పట్టీల టేబుల్‌ను, ఇంకా బస్తాలు, తూకం, హమాలీ ఉండే వివరాల టేబుల్‌ను. ఈ రెండోదానిలో తేదీ ఉండదు, పట్టీ నంబరే ఉంటుంది కాబట్టి సబ్‌క్వెరీ (క్వెరీ లోపల ఇంకో క్వెరీ) రాయక తప్పదు. దానికి సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్ కూడా పెట్టండి, లేకపోతే సబ్‌క్వెరీలోని టేబుల్‌కు లాక్ లేదంటూ ఎర్రర్ వచ్చి ఆగిపోతుంది. ఒక కమాండ్‌లో రాసిన వేర్ అందులోని టేబుళ్లన్నిటికీ వర్తిస్తుంది, అందుకే వేర్వేరు కమాండ్లు కావాలి. ఈ పని కొట్టు మూసాక పెట్టుకోండి. మధ్యలో ఎవరైనా పట్టీ కొడితే ఫైళ్ల మధ్య లెక్క కుదరదు.

అసలు తలనొప్పి మార్చి నెలాఖరుది. 30న అమ్మిన సరుకు డబ్బు రైతుకు ఏప్రిల్‌లో ముట్టిందనుకోండి. పట్టీలనూ, చెల్లింపులనూ ఏప్రిల్ 1 దగ్గరే కోస్తే చెల్లింపు ఫైల్లోకి వస్తుంది, దాని పట్టీ రాదు. డంప్ ఫైలు మొదట్లోనే ఫారిన్ కీ తనిఖీని (ఒక టేబుల్‌లోని నంబరు మరో టేబుల్‌లో ఉందో లేదో చూసేది) ఆపేస్తుంది, అందుకే ఇంపోర్ట్ కిక్కురుమనకుండా అయిపోతుంది. చివర్లో తనిఖీ మళ్లీ ఆన్ అయినా, అప్పటికే ఎక్కిన వరుసలను చూడదు. తర్వాత రైతు ఖాతా తెరిస్తే డబ్బు ఇచ్చినట్టు ఉంటుంది, ఏ సరుకుకో ఉండదు. అందుకని ఈ ఏడాది పట్టీలతో పాటు, ఏప్రిల్ 1 తర్వాత చెల్లింపు జరిగిన పాతవీ, ఇంకా బాకీ ఉన్నవీ కలిపి తీసుకోండి. వివరాల, చెల్లింపుల టేబుళ్లను ఆ పట్టీ నంబర్లను బట్టే కోయండి.

ఈ ఫైలును పొరపాటున కూడా నడుస్తున్న డేటాబేస్ మీద ఎక్కించొద్దు. మామూలుగా తీసిన డంప్‌లో డ్రాప్ టేబుల్ ఉంటుంది, పాతదంతా తుడిచిపెట్టి ఈ ముక్కే మిగులుస్తుంది. టేబుల్ సృష్టించే ఆదేశాలు రాయని నో క్రియేట్ ఇన్ఫో ఆప్షన్‌తో తీస్తే ఆ గొడవ ఉండదు.

మీది పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే దాని డంప్ కమాండ్ పీజీ డంప్‌లో వేర్ ఆప్షన్ లేదు. లాగ్ టేబుల్ డేటాను మినహాయించడం కుదురుతుంది గానీ, ఎంచుకున్న వరుసలు కావాలంటే కాపీ కమాండ్‌కు క్వెరీ ఇవ్వాలి.