చిన్నీ, ఉప్పునీళ్లు మానొద్దు

చిన్నీ,

బెంగుళూరు ఉద్యోగం మానేసి వచ్చి కృష్ణపట్నం మడ అడవుల్లో బూజు (ఫంగస్) వెతికి పడతావంట, దాంతో రొయ్యల పొట్టు శుద్ధి చేస్తావంట. మీ అమ్మ ఫోన్లో ఒకటే ఏడుపు. నేను ఏడవలేదు గానీ రాత్రంతా నిద్ర పట్టలేదు. నా పిచ్చి మనింట్లో ఇంకొకరికి అంటుకుందని లోలోపల సంతోషంగా కూడా ఉందిలే, ఆ మాట మీ అమ్మ దగ్గర అనబాక.

ఆలోచన మంచిదే. పొట్టులోంచి కైటిన్ అనే గట్టి పదార్థం తీయాలంటే ఇప్పుడు ఆసిడ్ పోసి కాల్షియం, కాస్టిక్ సోడా పోసి ప్రోటీను పోగొడుతున్నారు. ఆ కాస్టిక్ చేసే పని బూజు ఇచ్చే ప్రోటీజుతో, అంటే ప్రోటీనును కరిగించే ఎంజైముతో, చేయించాలని గదా నీ ఎత్తు? జరిగే పనే. గోవా ఎన్ఐఓలో (జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ) చంద్రలత రఘుకుమార్ గారు, కుళ్లిన సముద్రపు గడ్డి ఆకు మీద దొరికిన ఫ్లావోడాన్ ఫ్లావస్ అనే బూజుతో డిస్టిలరీల మొలాసిస్ వ్యర్థజలం రంగు పోగొట్టి 2001లో పేపరు వేశారు. అది చదువు. బూజులోంచి వచ్చిన సెఫలోస్పోరిన్ యాంటీబయాటిక్ కథతో మాత్రం నిధుల దరఖాస్తు మొదలుపెట్టొద్దు, అందరూ అదే రాస్తారు. 1945లో ఇటలీ సార్డీనియాలో బ్రోట్జు అనే డాక్టరు ఆ బూజును పట్టింది మురుగుకాలవ సముద్రంలో కలిసే చోట. అది సముద్రానిదా, మురుగుదా? నాకైతే అనుమానమే. ఇంటర్వ్యూలో తెలిసినవాడు ఎదురుపడితే నీళ్లు నమలాల్సి వస్తుంది.

అటవీశాఖ అనుమతి లేకుండా మడలో పుల్ల కూడా విరవొద్దు. బూజును పెంచే తిండిలో, అదే మీడియాలో, యాంటీబయాటిక్ వెయ్యి, లేకపోతే బ్యాక్టీరియా కమ్మేస్తుంది. ముందు ఎగబడి వచ్చేవి ఆస్పర్జిల్లస్, పెనిసీలియం లాంటి మామూలు బూజులే. నిదానంగా వచ్చేవాటి కోసం పుల్లల్ని తేమలో పెట్టి నెలల తరబడి చూడు.

ఇప్పుడు అసలు సంగతి. నేను పనిచేసిన ల్యాబులో పెద్దసారు ఒక బూజు పట్టాడు, మడలో కుళ్లిన పుల్ల మీదిదే. పాలపొడి కలిపిన ప్లేటు మీద పెడితే అదిచ్చే ప్రోటీజుకు చుట్టూ పాల తెలుపంతా కరిగిపోయి, కింద పరిచిన పేపర్లో అక్షరాలు కూడబలుక్కోకుండా చదవగలిగేవాళ్లం. ఆ వలయం కొలవడానికి స్కేలు కోసం కొట్టుకునేవాళ్లం. మొదట్లో మీడియాకి మైపాడు నుంచి క్యాన్లలో సముద్రపు నీళ్లు తెచ్చేది. ఒక వేసవిలో జీపుకు డీజిలు డబ్బుల్లేక, ‘ఉప్పెందుకు, బంగాళాదుంప డెక్స్‌ట్రోజు మీద బాగానే పెరుగుతుంది గదా’ అన్నాడు. పెరిగింది. ముందుకన్నా ఏపుగా పెరిగింది. మోసపోయింది అక్కడే. నెలనెలా పెరుగుకు తోడేసినట్టు ఒక ట్యూబులోంచి ఇంకోదాంట్లోకి మార్చుకుంటూ పోయారు. ముక్క కోసేటప్పుడు చేతికి దొరికేది తెల్లగా, తొందరగా పాకిన అంచే. బీజాలు కట్టే నిదానపు భాగం వెనకబడిపోయింది. తియ్యటి తిండి తేరగా దొరికే చోట ఎంజైము చెయ్యని పోగులే ముందుకొస్తాయి మరి.

వలయం సన్నబడింది. మీడియాను గడ్డకట్టించే అగారు మంచిది కాదన్నారు. పాలపొడి బ్రాండు మార్చారు. ఇంక్యుబేటరు మెకానిక్‌ను పిలిచి టీ తాగించి పంపారు. చివరికి పేపర్లో ఒక్క అక్షరం కనపడలేదు. తల్లి కల్చరు, అంటే మొదట పట్టిన బూజు, దాచిపెట్టిన పాపాన ఎవరూ పోలేదు. మళ్లీ పోయి వెతుకుదామంటే లేబులు మీద ‘కృష్ణపట్నం’ అని ఒక్క ముక్క, అంతే. ఏ కాలవ, ఏ చెట్టు, నీళ్లు ఎక్కడిదాకా వచ్చే పుల్ల, ఏదీ రాయలేదు. రిటైరయ్యేదాకా ఆ ప్లేటు ఫోటో టేబులద్దం కింద పెట్టుకున్నాడు పాపం.

అందుకే, దొరికిన వారంలోనే దాచు. మందులషాపులో దొరికే లిక్విడ్ పారఫిన్‌ను స్టెరిలైజ్ చేసి స్లాంటు (ట్యూబులో ఏటవాలుగా పోసిన మీడియా మీది బూజు) మునిగేదాకా పొయ్యి. కరెంటు పోయినా దానికేం కాదు. ఇంకో సెట్టు గ్లిసరాల్‌లో మైనస్ ఎనభై డిగ్రీల్లో, మూడోది సూక్ష్మజీవుల కల్చర్లు భద్రపరిచే చండీగఢ్ ఎంటీసీసీలో. మీడియాలో ఉప్పునీళ్లు మానొద్దు.

ప్లేటు మూత తీసి వాసన చూసే అలవాటుందంటనే నీకు? మీ అమ్మే చెప్పింది. సిగ్గు లేదా! ఆస్పర్జిల్లస్ ఫ్యూమిగేటస్ ఊపిరితిత్తుల్లో చేరితే ఏమవుతుందో నీకు నేను చెప్పాలా? నీకు ఆయాసం వచ్చిన రాత్రుళ్లు పొగతోట ఆసుపత్రికి ఆటోలో నా ఒళ్లోనే పడుకుని పోయేదానివి. నీ వీపు ఎగిరెగిరి పడుతుంటే నేను లెక్కపెట్టుకుంటూ కూర్చునేదాన్ని. మాస్కు లేకుండా ప్లేట్లు తెరిచే హుడ్డు ముందు కూర్చోబాక తల్లీ. ఇన్హేలరు బ్యాగులో కాదు, జేబులో పెట్టుకో.

మడలోకి ఒంటరిగా అసలే పోవద్దు. అమావాస్యకీ పున్నానికీ పోటు ఎక్కువ. ఆ బురదలో మోకాలిదాకా దిగితే కాలు తియ్యడానికి మనిషి కావాలి. పడవవాళ్లనడిగి, పాటు మొదలై నీళ్లు వెనక్కి తీసేటప్పుడు దిగు.

రొయ్యల గుంటల వాళ్లు ఎంత అడిగినా బతికున్న బూజు మాత్రం ఇవ్వొద్దు. రొయ్యలకు నల్లమొప్పల జబ్బు తెచ్చేవాటిలో ఫ్యూజేరియం అనే బూజు కూడా ఉంది. ఇస్తే ఎంజైమే ఇవ్వు. కల్చరు విదేశీ ప్రొఫెసరుకు పంపాలన్నా, పేటెంటుకు పోవాలన్నా ముందు చెన్నైలో జీవవైవిధ్య సంస్థ వాళ్లతో తేల్చుకో. 2002 చట్టం ఉంది, స్నేహం కొద్దీ కవర్లో పెట్టి పంపేస్తే కుదరదు.

ఆవిరితో స్టెరిలైజ్ చేసే నా పాత ఆటోక్లేవు అటక మీదుంది. గాస్కెట్టు పోయింది, ఆదివారం వస్తే ట్రంకురోడ్డులో వేయిద్దాం. డబ్బు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతా, నువ్వు మధ్యలో నోరు తెరవబాక.

పెద్దమ్మ