సోలార్ హీటర్ లైన్లో మళ్లీ మళ్లీ గాలి: గోడ పగలగొట్టే ముందు ట్యాంకులో గీత గీయండి

మీ సమస్య నాకర్థమైనంతవరకు ఇదీ: బెంగళూరు మారతహళ్లిలో రెండంతస్తుల ఇల్లు, మేడ మీద సోలార్ వాటర్ హీటర్. మూడు రోజులకోసారి వేడినీళ్ల కుళాయి బుసబుసమని ఉమ్మి ఆగిపోతోంది. ప్లంబర్ వచ్చి గాలి తీసి వెళ్తాడు, మళ్లీ అదే కథ. గోడలో పైపు లీకవుతోందేమో, టైల్స్ తీయించాలా అని మీ టెన్షన్.

టైల్స్ జోలికి ఇప్పుడే పోకండి. రామమూర్తి నగర్‌లో మేం ఇదే గోల ఏడు నెలలు పడ్డాం. ప్లంబర్‌ని గట్టిగా అడిగితే "ఏర్ లాక్ సార్, స్వల్ప అడ్జస్ట్ మాడి" (కొంచెం సర్దుకోండి) అనేవాడు. ఏర్ లాక్ అని, అంటే పైపులో గాలి అడ్డుపడిందని మాకూ తెలుసు. ఆ గాలి ఎక్కణ్ణుంచి వస్తోందన్నదే ప్రశ్న.

నీళ్లు వేడెక్కితే అందులో కరిగి ఉన్న గాలి కొంత బయటికొస్తుంది. అందుకే సోలార్ ట్యాంకు నుంచి గాలి పోయే గొట్టం (వెంట్ పైపు) పైకి లేపుతారు. పొద్దున్నే కుళాయి రెండుసార్లు తుమ్మితే పట్టించుకోనక్కర్లేదు. పూర్తిగా ఆగిపోతోందంటే మాత్రం గాలి ఎక్కువ చేరుతోందని. పైగా ఈ లైన్లో తోపుడు చాలా తక్కువ. ఓవర్‌హెడ్ ట్యాంకు నీటిమట్టం సోలార్ కంటే 5 అడుగులు ఎత్తులో ఉంటే అక్కడ ప్రెషర్ దాదాపు 0.15 బార్, అంతే. పైపు పిట్టగోడ ఎక్కి దిగే చోట గాలి చిక్కుకుంటే ఆ కాస్త బలం దాన్ని నెట్టలేదు.

మేం మొదట వెంట్ పైపు చూశాం. మూతిలో కుమ్మరి పురుగు గూడు కట్టి ఉంది. దొంగ దొరికాడని సంబరపడి తీసేశాం. నాలుగో రోజు కుళాయి మళ్లీ ఆగింది!

అప్పుడు మా నాన్న రంగంలోకి దిగారు. రిటైరైన లెక్కల మాస్టారు. "ఊహలెందుకురా, గీత గియ్యి" అన్నారు. రాత్రి పదకొండుకి అన్ని కుళాయిలూ కట్టేసి, మోటారు ఆపి, ఓవర్‌హెడ్ ట్యాంకు లోపల నీటిమట్టం దగ్గర సుద్దముక్కతో గీత గీశాం. పొద్దున ఐదున్నరకి చూస్తే నాలుగు అంగుళాలు దిగింది. మా 500 లీటర్ల ట్యాంకులో అది 50 లీటర్లకు పైమాటే. సోలారే కారుతోందని ఖాయం చేసేసుకున్నాను. రెండో రాత్రి సోలార్‌కి వెళ్లే వాల్వ్ కట్టేసి చూశాం. మళ్లీ నాలుగు అంగుళాలే! అంటే సోలార్ నిర్దోషి. మూడో రాత్రి కింద వాటాకి వెళ్లే చన్నీళ్ల వాల్వ్ కట్టేస్తే గీత కదల్లేదు.

కింద అద్దెకుండే ఆంటీ "మా ఇంట్లో చుక్క కారదు బాబూ" అన్నారు. నిజమే, నేలంతా పొడిగానే ఉంది. ఫ్లష్ ట్యాంకులో బట్టల నీలం నాలుగు చుక్కలు వేసి పావుగంట ఆగాం. ఎవరూ ఫ్లష్ నొక్కకుండానే కమోడ్‌లో సన్నటి నీలిగీత జారుతోంది. లోపలి రబ్బరు వాషర్ అరిగి రాత్రంతా చప్పుడు లేకుండా నీళ్లు పోతున్నాయి. ముందురోజు వాడకం ఎక్కువైనప్పుడల్లా తెల్లారేసరికి మేడ మీది ట్యాంకు అడుగంటేది. సోలార్‌కి వెళ్లే పైపు నీళ్లకు బదులు గాలి పీల్చేది. మోటారు వేయగానే ఆ గాలి వెళ్లి వంపులో కూర్చునేది. వాషర్ ఖరీదు వంద లోపే.

దాంతో ముప్పాతిక వంతు తగ్గింది. మిగతాది సోలార్ ట్యాంకు నుంచి వేడినీళ్లు దిగే చోట యూనియన్‌లో (పైపులు కలిపే, విప్పదగ్గ జాయింటు) దొరికింది. తడి కనపడదు, ఎండకి ఆరిపోతుంది. కానీ దాని చుట్టూ సున్నం పూసినట్టు తెల్లటి పెచ్చు. బోరునీళ్ల ఉప్పు అది. నీళ్లు కదలనప్పుడు చుక్క కారుతుంది. కింద కుళాయి తిప్పగానే ఆ ఎత్తులో ప్రెషర్ పడిపోయి అదే సందులోంచి గాలి లోపలికి పోతుంది. అందుకే మేడ మీద తడి కోసం కాదు, ఆ తెలుపు కోసం వెతకండి. యూనియన్ విప్పేది తెల్లవారుజామునే, ముందు వాల్వులు కట్టేసి. మధ్యాహ్నం ముట్టుకుంటే చేయి బొబ్బలెక్కుతుంది.

ఇంగ్లండ్‌లో, లీడ్స్‌లో ఉన్న మా తమ్ముడికీ ఇలాంటి తంటానే, కాకపోతే అక్కడ గదులు వేడిచేసే రేడియేటర్లలో. అది మూసి ఉన్న వ్యవస్థ, చల్లగా ఉన్నప్పుడు ప్రెషర్ చూపే గేజ్ 1 నుంచి 1.5 బార్ మధ్య ఉండాలి. నీళ్లు నింపినా ముల్లు పడిపోతూ ఉంటే చాలావరకు లీకే. ముల్లు కదలకుండా గ్యాస్ మాత్రం చేరుతుంటే లోపల ఇనుము తుప్పుపట్టి హైడ్రోజన్ పుడుతుండొచ్చు. మన ఓపెన్ లైనుకి గేజ్ ఉండదు కాబట్టి మనకు సుద్దగీతే గేజ్.

ఈలోగా స్నానాలు ఆగకుండా ఒక చిట్కా: బాత్రూం మిక్సర్ మూతిని అరచేత్తో గట్టిగా మూసి, వేడి, చల్ల రెండూ అర నిమిషం తిప్పండి. చన్నీళ్లు ఎదురెక్కి గాలిని వెనక్కి నెడతాయి. వేడి లైన్లో ఎన్‌ఆర్‌వీ (నీళ్లు వెనక్కి పోనివ్వని వాల్వ్) ఉంటే మాత్రం ఇది పనిచేయదు.

ఈ రాత్రికే గీత గీసి, పొద్దున ఎన్ని అంగుళాలు దిగిందో చెప్పండి. పైపు ఎక్కడ ఎక్కి దిగుతోందో కూడా.