లైబ్రరీ కంప్యూటర్‌కు ఇన్ని ఆంక్షలెందుకు?

ప్రశ్న: మా కాలేజీ లైబ్రరీలో కంప్యూటర్ వాడాలంటే రిజిస్టరులో పేరు, రోల్ నంబరు, సమయం రాయాలి. పెన్‌డ్రైవ్ పెట్టనివ్వరు. అరగంట కాగానే లేవమంటారు. మమ్మల్ని అనుమానిస్తున్నారా?
– ఓ డిగ్రీ విద్యార్థిని

జవాబు: అనుమానం కాదమ్మా. నేను 22 ఏళ్లు లైబ్రేరియన్‌గా పనిచేశాను. ఒక సాయంత్రం కంప్యూటర్లు ఆపుతుంటే, ఒకదాని డౌన్‌లోడ్స్ ఫోల్డరులో ఓ అమ్మాయి ఆధార్, బ్యాంకు పాస్‌పుస్తకం మొదటి పేజీ, ఆదాయ ధ్రువపత్రం వరుసగా కనిపించాయి. స్కాలర్‌షిప్ దరఖాస్తు పూర్తిచేసి బస్సు కోసం పరుగెత్తిందట. మర్నాడు పిలిచి చెబితే ఆ పిల్ల ముఖం పాలిపోయింది.

ఇతరుల పాస్‌వర్డ్‌ను మోసపూరితంగా వాడితే ఐటీ చట్టం 66సి సెక్షన్ కింద 3 ఏళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా ఉంటాయి. అలాంటిదేదైనా జరిగితే, ఆ వేళకు అక్కడ మీరు లేరని చెప్పేది ఆ రిజిస్టరే. పెన్‌డ్రైవ్‌తో వైరస్ వస్తుంది; ఫైలును మీ మెయిల్‌కే పంపుకోండి. లేచేముందు లాగవుట్ చేయండి, డౌన్‌లోడ్స్‌తో పాటు రీసైకిల్ బిన్ కూడా ఖాళీ చేయండి.

అరగంట విషయంలో మాత్రం నేను మీ పక్షమే. దరఖాస్తుల రోజుల్లో ఓటీపీ కోసం చూడటానికే పది నిమిషాలు పోతాయి. గడువు పెంచమని నలుగురూ కలిసి లైబ్రేరియన్‌ను అడగండి.